యూనిట్ – 14: ఎంపిక, ఫలితం, కథనం – ‘ది విచర్ 3’ వీడియో గేమ్ పరిశీలన

విషయక్రమం
14.0 లక్ష్యాలు
14.1 పరిచయం
14.2 ప్రాథమిక భావనలు
14.3 పోలండ్ కథల నుంచి గేమ్ వరకు
14.4 నియమాలే కథనం: వేటగాడి పని
14.5 వెలెన్ ఘట్టం: ఆలస్యంగా వచ్చే ఫలితం
14.6 సిరి ముగింపు: చిన్న మాటల బరువు
14.7 ఓపెన్ వరల్డ్ కథనానికి పరిమితులు
14.8 సారాంశం
14.9 ముఖ్య పదాలు
14.10 మీ ప్రగతిని తెలుసుకోండి – సమాధానాలు
14.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:
• ఓపెన్ వరల్డ్ ఫాంటసీ యాక్షన్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే ఏమిటో నిర్వచించగలుగుతారు.
• ‘ది విచర్ 3’ గేమ్‌కు మూలమైన పోలిష్ సాహిత్య, జానపద నేపథ్యాన్ని వివరించగలుగుతారు.
• ఆట నియమాలు కథార్థాన్ని ఎలా నిర్ణయిస్తాయో ఉదాహరణలతో చర్చించగలుగుతారు.
• ఈ కథన పద్ధతికి ఉన్న పరిమితులను గుర్తించగలుగుతారు.

14.1 పరిచయం

నవల, నాటకం, సినిమా కథను ఏయే పద్ధతుల్లో చెప్తాయో ఇంతకుముందు యూనిట్లలో తెలుసుకున్నారు. ఈ మూడింటిలోనూ ఒక సామాన్య లక్షణం ఉంది. కథ ఎటు నడవాలో రచయితో దర్శకుడో ముందే నిర్ణయించి ఉంటాడు. చదివేవారు, చూసేవారు మెచ్చుకోవచ్చు, బాధపడవచ్చు, విభేదించవచ్చు. కథను మాత్రం మార్చలేరు.

మనకు బాగా తెలిసిన బేతాళ కథలను గుర్తు చేసుకోండి. బేతాళుడు కథ చెప్పి, చివర ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. విక్రమార్కుడు తీర్పు చెప్తాడు. ఆ తీర్పుతో రాజుకు మౌనభంగం కలుగుతుందే గాని, కథలోని మనుషుల బతుకుల్లో మార్పేమీ రాదు. వాళ్ళ కథ అప్పటికే ముగిసిపోయింది. మరి ఆ ప్రశ్న కథ మధ్యలోనే వస్తే? రాజు చెప్పిన తీర్పును బట్టి ఆ మనుషుల్లో ఒకరు బతికి, మరొకరు చనిపోతే? వీడియో గేమ్ కథనంలోని విశేషం ఇక్కడే ఉంది. తీర్పు చెప్పినవారే దాని ఫలితాన్నీ చూడవలసి వస్తుంది.

ఈ విశేషాన్ని అర్థం చేసుకోవడానికి ‘ది విచర్ 3: వైల్డ్ హంట్’ అనే గేమ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఈ గేమ్‌ను ఆడి ఉండవలసిన అవసరం లేదు. అవసరమైన కథాంశాలన్నీ ఈ యూనిట్‌లోనే ఇచ్చాం.

14.2 ప్రాథమిక భావనలు

పేరులోని ఒక్కొక్క మాటను విడివిడిగా చూద్దాం.

రోల్‌ప్లేయింగ్ గేమ్: ఆడేవారు ఒక పాత్రను స్వీకరించి, ఆ పాత్ర తరఫున నిర్ణయాలు తీసుకునే ఆట. దీని మూలాలు కంప్యూటర్‌లో లేవు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, మాటలతో నడిపే ఆట. పాత్రకు బలం, నేర్పు వంటి గుణాలను అంకెల్లో సూచించడం, అనుభవం పెరిగేకొద్దీ స్థాయి పెరగడం అనే పద్ధతులు అక్కడి నుంచే కంప్యూటర్‌లోకి వచ్చాయి.

యాక్షన్: పోరాటంలో వంతులు ఉండవు. ఎదుటివాడు కత్తి ఎత్తిన క్షణంలోనే తప్పుకోవాలి.

ఫాంటసీ: మాయలు, శాపాలు, వింత ప్రాణులు సహజమైనవిగా చెల్లే కల్పిత లోకం.

ఓపెన్ వరల్డ్: ఒక ఘట్టం తరవాత మరొకటి అనే కట్టుబాటు లేకుండా, విశాలమైన ప్రాంతంలో ఆడేవారు తమకు తోచిన దిక్కుకు వెళ్ళగలగడం. 2011లో వచ్చిన ‘స్కైరిమ్’, 2022లో వచ్చిన ‘ఎల్డెన్ రింగ్’ ఈ కోవకు చెందిన ప్రసిద్ధమైన గేములు.

14.3 పోలండ్ కథల నుంచి గేమ్ వరకు

1986లో పోలండ్‌లోని ‘ఫంతాస్తికా’ అనే పత్రిక నిర్వహించిన పోటీకి ఆంద్రెజ్ సప్‌కోవ్‌స్కీ ఒక కథ పంపారు. దానికి మూడో బహుమతి వచ్చింది. కూలి తీసుకుని రాక్షసులను వేటాడే గెరాల్ట్ అందులో కథానాయకుడు. శాపవశాన రాక్షసిగా మారిన రాజకుమార్తె వల్ల రాజ్యం అల్లాడుతుంటుంది. గెరాల్ట్ ఆమెను చంపకుండా, ఒక రాత్రంతా పోరాడి శాపం తీస్తాడు. ‘చంపడమా, శాపం తీయడమా’ అనే ప్రశ్న ఈ తొలి కథలోనే ఉందని గమనించండి. ఆ తరవాత సప్‌కోవ్‌స్కీ మరికొన్ని కథలు, 1994–1999 మధ్య అయిదు నవలల మాలిక రాశారు.

పోలండ్‌లో కమ్యూనిస్టు పాలన ముగిసిన కొన్నేళ్ళకు, 1994లో, సీడీ ప్రాజెక్ట్ అనే సంస్థ ఏర్పడింది. మొదట విదేశీ గేములను దిగుమతి చేసి అమ్మడం, వాటిని పోలిష్ భాషలోకి తేవడం దాని పని. తరవాత సొంత గేమ్ తయారీకి పూనుకుని, 2007లో విచర్ మొదటి గేమ్‌ను, 2011లో రెండోదాన్ని విడుదల చేసింది. మూడోది 2015 మే 19న విడుదలైంది. దీని ప్రతులు 5 కోట్లకు పైగా అమ్ముడైనట్లు 2023లో సంస్థ ప్రకటించింది.

ఈ గేమ్‌లోని వింత ప్రాణుల్లో చాలావాటికి స్లావ్ జాతుల జానపద విశ్వాసాలు ఆధారం. మిట్టమధ్యాహ్నం పొలాల్లో తిరిగే స్త్రీ దయ్యం, అడవిని కాచే లేషీ, నీట మునిగి చచ్చినవారి ప్రేతాలు ఇందుకు ఉదాహరణలు. పితరులను పిలిచి అన్నపానాలు సమర్పించే ‘జాది’ అనే ప్రాచీన ఆచారం కూడా ఒక ఘట్టంలో కనిపిస్తుంది. 19వ శతాబ్దపు పోలిష్ మహాకవి ఆడమ్ మిత్స్‌కేవిచ్ ఇదే పేరుతో నాటకం రాశారు. అందువల్ల పోలిష్ ఆటగాడికి ఇది తన సాహిత్యంలో ఎరిగిన తంతే.

రచయిత హక్కుల విషయంలోనూ ఈ గేమ్ ఒక పాఠం. గేమ్ విజయవంతమవుతుందన్న నమ్మకం లేక, ఆదాయంలో వాటాకు బదులు ఏకమొత్తంగా డబ్బు తీసుకున్నానని సప్‌కోవ్‌స్కీయే చెప్పారు. 2018లో ఆయన తరఫు న్యాయవాదులు అదనంగా 6 కోట్ల జ్లోటీలు కోరారు. రచయితకు ముట్టిన ప్రతిఫలానికీ, ప్రచురణకర్త పొందిన లాభానికీ మధ్య విపరీతమైన వ్యత్యాసం ఉంటే, ప్రతిఫలాన్ని పెంచమని కోరే అవకాశం పోలండ్ కాపీరైట్ చట్టంలో ఉంది. 2019 డిసెంబరులో ఇరుపక్షాలు కొత్త ఒప్పందం చేసుకున్నాయి.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని యూనిట్ చివర ఇచ్చిన సమాధానంతో పోల్చి చూసుకోండి.
1. బేతాళ కథలోని తీర్పుకూ, వీడియో గేమ్‌లోని ఎంపికకూ తేడా ఏమిటి?

14.4 నియమాలే కథనం: వేటగాడి పని

గెరాల్ట్ రాజు కాడు, లోకోద్ధారకుడూ కాడు. వేట అతని వృత్తి. ఈ సంగతిని గేమ్ మాటల్లో చెప్పి ఊరుకోదు. ఆడేవారి చేత ఆ పని చేయిస్తుంది.

వైట్ ఆర్చర్డ్ అనే తొలి ప్రాంతంలోని ఒక వేటను చూద్దాం. పాడుబడిన పల్లెలో బావి దగ్గర దయ్యం తిరుగుతోంది. కూతురు జబ్బు పడి, మంచి నీళ్ళు కావలసిన ఒక రైతు దాన్ని తొలగించమని గెరాల్ట్‌ను అడుగుతాడు. ముందుగా కూలి బేరం. తరవాత పరిశోధన. శిథిలాల్లో దొరికిన రాతలు చదివి, బావిలోకి దిగి వెతికితే, అది అన్యాయంగా హతమైన ఒక స్త్రీ ప్రేతమని తెలుస్తుంది. ఆమె అవశేషాలను, చేతి కంకణాన్ని కలిపి దహనం చేస్తేగాని దయ్యం పీడ వదలదు. చివరగా పోరాటం. మనుషులకు ఉక్కు కత్తి, రాక్షసులకు వెండి కత్తి. కత్తికి ప్రేతాలపై పనిచేసే తైలం పూయాలి. నీడలా జారిపోయే దయ్యాన్ని నిలబెట్టడానికి ‘యర్డెన్’ అనే మంత్ర వలయం వేయాలి.

ఇందులో కథ ఏది, నియమం ఏది అని విడదీయలేం. దయ్యం ఎవరో, ఎలా చనిపోయిందో తెలుసుకోవడం కథాభాగం. ఆ తెలివిడి లేకుండా వేట పూర్తి కాకపోవడం ఆట నియమం. రాక్షసుడిని ఓడించాలంటే ముందు అతని బాధేమిటో తెలియాలన్న భావాన్ని ఏ పాత్రా ఉపన్యాసంగా చెప్పదు. నియమమే ఆ భావాన్ని చెప్తుంది.

14.5 వెలెన్ ఘట్టం: ఆలస్యంగా వచ్చే ఫలితం

వెలెన్ యుద్ధంలో నాశనమైన బురదనేల. అక్కడ ‘బ్లడీ బారన్’ అనే సైనికాధికారి పెత్తనం. అతని భార్య ఆనా, కూతురు తమారా ఇల్లు విడిచి పోయారు. గెరాల్ట్ వెతుకుతున్న పెంపుడు కూతురు సిరి ఆచూకీ బారన్‌కు తెలుసు. తన వాళ్ళను కనిపెడితేనే చెప్తానంటాడు. విచారిస్తే అసలు సంగతి బయటపడుతుంది. బారన్ తాగి భార్యను కొట్టేవాడు. ఆ గొడవల్లోనే ఆమెకు గర్భస్రావమైంది. సంస్కారం లేకుండా పూడ్చిపెట్టిన ఆ పిండం పిశాచమై లేచింది.

ఇక్కడ మొదటి ఎంపిక వస్తుంది. పిశాచాన్ని చంపవచ్చు. లేదా తండ్రి చేత బిడ్డకు పేరు పెట్టించి, గడప కింద పాతిపెట్టించి, ఇంటిని కాచే ఆత్మగా మార్చవచ్చు. సప్‌కోవ్‌స్కీ తొలి కథలోని ప్రశ్నే మళ్ళీ వచ్చిందని మీరు గమనించే ఉంటారు.

రెండో ఎంపిక మరింత కఠినమైనది. చిత్తడి అడవిలో ముగ్గురు మంత్రగత్తెల దగ్గర కొందరు అనాథ పిల్లలు ఉన్నారు. వాళ్ళను చూసుకుంటున్న మతి చలించిన స్త్రీయే ఆనా. ఒక చెట్టు కింద బందీగా ఉన్న ఆత్మ, తనను విడిపిస్తే పిల్లలను కాపాడతానంటుంది. దాన్ని నమ్మవచ్చా? విడిపిస్తే పిల్లలు బతుకుతారు. కాని ఒక పల్లె నాశనమవుతుంది, ఆనా చనిపోతుంది, బారన్ ఉరి వేసుకుంటాడు. ఆత్మను చంపితే పల్లె నిలుస్తుంది, బారన్ ఆనాను వైద్యం కోసం దూరప్రాంతానికి తీసుకుపోతాడు. పిల్లలు మాత్రం మళ్ళీ కనిపించరు.

ఈ ఘట్టంలో రెండు అంశాలు ముఖ్యం. ఒకటి: ఏ దారిలోనూ పూర్తి మంచి లేదు. రెండు: ఫలితం వెంటనే తెలియదు. తెలిసినట్లయితే, ముందు దాచుకున్న స్థానానికి వెనక్కి వెళ్ళి నిర్ణయం మార్చుకోవడం సులువు. ఆలస్యంగా తెలియడం వల్ల అప్పటికి ఆట చాలా దూరం నడిచిపోతుంది. చేసిన పనితోనే ముందుకు సాగాలి. ఇలాంటి ఏర్పాటును ‘విలంబిత ఫలితం’ అనవచ్చు.

భార్యను హింసించిన బారన్‌ను క్షమించాలా, వద్దా అనే విషయంలో గేమ్ తీర్పు చెప్పదు. అతని పశ్చాత్తాపాన్నీ చూపుతుంది, కూతురి కోపాన్నీ చూపుతుంది. తీర్పు ఆడేవారిదే.

14.6 సిరి ముగింపు: చిన్న మాటల బరువు

ప్రధాన కథకు మూడు ముఖ్యమైన ముగింపులు ఉన్నాయి. సిరి గెరాల్ట్ లాగే వేటగత్తె కావచ్చు, సామ్రాజ్ఞి కావచ్చు, లేదా లోకాన్ని కాపాడబోయి తిరిగి రాకపోవచ్చు. వీటిని నిర్ణయించేది ఏమిటి? చివరి యుద్ధంలో చూపిన నేర్పు కాదు. అంతకు ముందు గెరాల్ట్ ఆమెతో ప్రవర్తించిన తీరు.

• దిగులుగా ఉన్న సిరిని మంచు ముద్దలతో ఆడుకోవడానికి తీసుకెళ్ళాడా, అన్నీ నీ వల్ల కావాలని లేదులే అని సరిపెట్టాడా?
• మాంత్రికురాళ్ళ సమావేశానికి ఆమెను ఒంటరిగా పంపాడా, తానూ వెంట వెళ్ళాడా?
• కోపంతో ఆమె ప్రయోగశాలను పగలగొట్టబోతే కానిచ్చాడా, ఆపాడా?
• తనకు సాయం చేసి చనిపోయిన యువకుడి సమాధిని చూడాలని ఆమె అడిగితే వెళ్ళాడా, సమయం లేదన్నాడా?
• ఆమెను తండ్రి అయిన చక్రవర్తి దగ్గరకు తీసుకెళ్ళినప్పుడు, ఆయన ఇచ్చిన డబ్బు పుచ్చుకున్నాడా?

ఎదిగిన పిల్లను నమ్మే మాటలు ఒక వైపు, అడుగడుగునా అడ్డుపడే మాటలు మరో వైపు లెక్కకు వస్తాయి. రెండోవైపు మొగ్గు చూపితే సిరి తిరిగి రాదు. సామ్రాజ్ఞి కావాలంటే మాత్రం ఆమె చక్రవర్తిని కలిసి ఉండాలి, యుద్ధ రాజకీయాలు కూడా ఆయనకు అనుకూలించి ఉండాలి. ఈ అయిదు సందర్భాలు కీలకమైనవని ఆ సమయంలో తెరమీద ఎక్కడా కనపడదు. కూతురి సమాధి దగ్గరకు పోదామన్న కోరికను తోసిపుచ్చిన ఆటగాడు, దాని అర్థాన్ని ఎన్నో గంటల ఆట తరవాతగాని గ్రహించడు. ఇళ్ళల్లో కూడా పెద్దల మాట పిల్లల మీద ఎప్పుడు పనిచేసిందో అప్పటికప్పుడు తెలియదు. గేమ్ ఆ సత్యాన్ని తన నిర్మాణంలోనే పొదిగింది.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
2. ‘విలంబిత ఫలితం’ ఆడేవారి బాధ్యతను ఎలా పెంచుతుంది?

14.7 ఓపెన్ వరల్డ్ కథనానికి పరిమితులు

ఈ పద్ధతిలో లోపాలూ ఉన్నాయి.

మొదటిది, తొందరకూ స్వేచ్ఛకూ పొసగకపోవడం. సిరి ప్రాణాపాయంలో ఉందని కథ హెచ్చరిస్తూ ఉంటుంది. ఆడేవారు మాత్రం సత్రాల్లో ‘గ్వెంట్’ పేకాట ఆడుతూ, గుర్రప్పందేల్లో పాల్గొంటూ ఎంతకాలమైనా గడపవచ్చు. వెతుకులాట ఆలస్యమైనా సిరికి ఏమీ కాదు. కథ చెప్పేదానికీ, ఆట అనుమతించేదానికీ మధ్య ఏర్పడే ఇలాంటి ఎడాన్ని క్రీడా–కథన వైరుధ్యం అంటారు. గేమ్ రూపకర్త క్లింట్ హాకింగ్ 2007లో ‘బయోషాక్’ అనే మరో గేమ్‌ను విమర్శిస్తూ ఈ భావనను ప్రతిపాదించారు.

రెండోది, పునరుక్తి. విశాలమైన లోకాన్ని నింపడానికి ఒకే రకం పనులు మళ్ళీ మళ్ళీ పెట్టవలసి వస్తుంది. స్కెలిగె దీవుల చుట్టూ సముద్రంలో చెల్లాచెదురుగా ఉన్న దొంగసరుకు మూటలు ఇందుకు ఉదాహరణ. వాటిని వెతకడంలో కథా లేదు, ఎంపికా లేదు.

మూడోది, స్వేచ్ఛకు ఉన్న హద్దు. ఆడేవారు ఎంచుకునే ప్రతి మాటా రచయితలు ముందే రాసిందే. రాయని దారి వెలెన్‌లో లేదు. కాబట్టి ఆడేవారు కథకు రచయితలు కారు. రచయితలు వేసిన దారుల్లో ఒకదానికి బాధ్యులు. ఈ తేడాను గుర్తుంచుకోవడం అవసరం.

14.8 సారాంశం

‘ది విచర్ 3’ పోలిష్ కథాసాహిత్యం, స్లావ్ జానపద విశ్వాసాల పునాదిపై నిర్మించిన ఓపెన్ వరల్డ్ గేమ్. ఇందులో వేట నియమాలు శత్రువును తెలుసుకోవడమనే విలువను నేర్పుతాయి. వెలెన్ ఘట్టం, పూర్తి మంచి లేని ఎంపికకు ఆలస్యంగా వచ్చే ఫలితాన్ని చూపుతుంది. సిరి ముగింపు, చిన్న మాటలకు ఉన్న బరువును తెలియజేస్తుంది. విశాలత వల్ల కథలోని తొందర సడలినా, నిర్ణయానికి బాధ్యత వహించే అనుభవాన్ని ఇవ్వడం ఈ మాధ్యమానికి ప్రత్యేకమైన శక్తి.

14.9 ముఖ్య పదాలు

క్వెస్ట్: పాత్రకు అప్పగించిన పని, దానితో ముడిపడిన కథాభాగం.
విలంబిత ఫలితం: నిర్ణయం తీసుకున్న చాలాసేపటికి బయటపడే పర్యవసానం.
క్రీడా–కథన వైరుధ్యం: కథ చెప్పే విలువకూ, ఆట నియమానికీ పొసగకపోవడం.

14.10 మీ ప్రగతిని తెలుసుకోండి – సమాధానాలు

1. బేతాళ కథలో తీర్పు కథ ముగిశాక వస్తుంది. పాత్రల బతుకును మార్చదు. గేమ్‌లో ఎంపిక కథ మధ్యలో వచ్చి, తరవాతి కథను మారుస్తుంది. (14.1 చూడండి.)
2. ఫలితం వెంటనే తెలియదు కాబట్టి వెనక్కి వెళ్ళి దిద్దుకోవడం కష్టం. చేసిన నిర్ణయంతోనే ముందుకు సాగాలి. (14.5 చూడండి.)

14.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆట నియమాలే కథార్థాన్ని చెప్తాయనే అభిప్రాయాన్ని ‘ది విచర్ 3’ ఆధారంగా చర్చించండి.
2. ఓపెన్ వరల్డ్ కథనంలోని శక్తిని, పరిమితులను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. విచర్ గేమ్‌పై స్లావ్ జానపద విశ్వాసాల ప్రభావం.
2. సప్‌కోవ్‌స్కీ ఉదంతం రచయితల హక్కుల గురించి ఏం తెలియజేస్తుంది?
3. మీకు తెలిసిన ఒక జానపద కథలో కీలకమైన నిర్ణయాన్ని ఎంచుకోండి. దాన్ని ఆడేవారికి వదిలేస్తే కథ ఏయే దారుల్లో నడుస్తుందో రాయండి.