డ్రిల్ మిషన్‌కు మూడో పిన్ను ఎందుకు?

లోహపు తొడుగున్న డ్రిల్ మిషన్ ప్లగ్గుకు మూడు పిన్నులుంటాయి. పైనున్నది మిగతా రెండిటికన్నా పొడవు, లావు. అది ఎర్త్ పిన్ను. ప్లగ్గు పెట్టేటప్పుడు ముందుగా తగిలేదీ, తీసేటప్పుడు చివరగా వదిలేదీ అదే. లోపలి వైరు పూత చెడి తొడుగుకు తగిలితే 230 వోల్టుల విద్యుత్తు ఎక్కువగా ఎర్త్ తీగ వెంటే పోతుంది, ఫ్యూజు కొట్టేస్తుంది. పట్టుకున్న మనిషి బతుకుతాడు.

అయితే ఆ తీగ చివరికి చేరేది నేలలో పాతిన పైపుకు, కాబట్టి ఆ దారి నేలను బట్టి ఉంటుంది. ఉదాహరణకు ప్రత్తిపాడు ఊరి చుట్టూ పత్తి, మిరప పండే నల్లరేగడి తడిగా ఉన్నంతకాలం విద్యుత్తును బాగా మోస్తుంది. వేసవిలో అదే నేల ఎండి నెర్రెలిస్తుంది. ఆ పైపుకూ మట్టికీ మధ్య గాలి చేరిందంటే ఎర్త్ పేరుకే మిగులుతుంది. ఎర్త్ గుంటలో బొగ్గు, ఉప్పు వేసేదీ, ఎండాకాలం నీళ్లు పోసేదీ ఇందుకే.

కొన్ని మిషన్లకు రెండు పిన్నులే ఉంటాయి. వాటి మీద చదరంలో చదరం గుర్తుంటే లోపల రెండు పొరల రక్షణ ఉన్నట్టు, ఎర్త్ అక్కర్లేదు. తడిస్తే మాత్రం ఆ రక్షణను నమ్మకూడదు.

ఇంటి బోర్డులో ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చి ఉంటే ఇంకా మేలు. మామూలుగా 30 మిల్లీయాంపుల విద్యుత్తు దారి తప్పేసరికి సరఫరా ఆపేస్తుంది. అది ఉన్నా, డ్రిల్ బిట్టు మార్చేటప్పుడు స్విచ్చి కట్టేస్తే చాలదు, ప్లగ్గు పీకెయ్యాలి. మూడో పిన్ను విరిచి రెండు రంధ్రాల్లో దూర్చే అలవాటు ప్రాణాంతకం.