ప్యాకేజీ అంకె వెనుక ఉన్న పని

చిల్పూరు మండలంలో ఏ ఇంట పిల్లల చదువు ప్రస్తావన వచ్చినా హైదరాబాదు మాట రాక తప్పదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కితే జనగామ, ఆలేరు, భువనగిరి దాటి పూట తిరగకముందే సికింద్రాబాదు చేరవచ్చు. అక్కడి నుండి మాదాపూర్, గచ్చిబౌలిలోని అద్దాల మేడలకు మరో గంట, గంటన్నర ప్రయాణం. దూరం ఇంతే. కాని ఆ మేడలలో మన బిడ్డ చేసే పని ఎటువంటిదో, ఆ జీతం ఏ షరతుల మీద వస్తుందో తెలిసిన తల్లిదండ్రులు మన మధ్య తక్కువ. "సాఫ్ట్‌వేర్" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాము. ఆ ఒక్క మాటను నమ్ముకొని అప్పులు చేస్తున్నాము, ఇళ్ళు కడుతున్నాము, సంబంధాలు ఖాయం చేస్తున్నాము. అందుకే పెద్ద సాంకేతిక కంపెనీలలో ఉద్యోగం లోపలి నుండి ఎలా ఉంటుందో పాఠక కుటుంబాల ముందు కొంత వివరంగా ఉంచదలచాము.

1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ తన భారత అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాదులో నెలకొల్పింది కూడా ఆ సంవత్సరమే. 2014 ఫిబ్రవరిలో అదే కంపెనీకి హైదరాబాదులో పుట్టి బేగంపేట పబ్లిక్ స్కూలులో చదివిన సత్య నాదెళ్ళ ప్రధాన కార్యనిర్వహణాధికారి అయ్యారు. 2019 ఆగస్టులో అమెజాన్ గచ్చిబౌలి ప్రాంతంలో పదిహేను వేలమందికి పైగా పనిచేయగల భవనాన్ని తెరిచింది. తన సొంత భవనాలన్నింటిలో ప్రపంచం మొత్తం మీద అదే పెద్దదని ఆ కంపెనీ ప్రకటించింది. 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు లభించిన 4 శాతం రిజర్వేషన్, ఆ తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్ మన పల్లెల పిల్లలను ఇంజినీరింగ్ కళాశాలల దాకా చేర్చాయి. పత్తి చేనులోనో మెకానిక్ షెడ్డులోనో జీవితం గడిపిన తండ్రి కొడుకు ఈ భవనాలలో ఒకదానిలోకి అడుగు పెట్టడం నేడు అరుదైన విషయం కాదు. అల్‌హమ్దులిల్లాహ్, సంతోషించదగినదే.

అయితే ఆ భవనంలోకి వెళ్ళేవారందరూ ఆ కంపెనీ ఉద్యోగులే అని భావించడం పొరపాటు. ఇది మన ఇళ్ళలో అసలే తెలియని సంగతి. ఒకే గదిలో, ఒకే పని మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరికి జీతమిచ్చేది ఆ పెద్ద కంపెనీ. మరొకరికి జీతమిచ్చేది ఆ కంపెనీకి మనుషులను సరఫరా చేసే మరో సంస్థ. మెడలోని కార్డు రంగును బట్టి ఎవరు ఏమిటో లోపలివారికి తెలిసిపోతుంది. గూగుల్‌లో ఇటువంటి తాత్కాలిక, కాంట్రాక్టు సిబ్బంది సుమారు 1,21,000 మంది ఉండగా పూర్తికాలపు ఉద్యోగులు 1,02,000 మందేనని 2019లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. మైక్రోసాఫ్ట్‌లో ఏళ్ళ తరబడి "తాత్కాలికం" పేరుతో పనిచేసినవారు అమెరికా న్యాయస్థానానికి వెళ్ళగా, 2000వ సంవత్సరంలో ఆ కంపెనీ 9.7 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ కుదుర్చుకున్నది. కాంట్రాక్టు పనిలో అవమానమేమీ లేదు, అది కష్టార్జితమే. కాని షేర్లు, బోనసు, ఆరోగ్య బీమా, సెలవులు, ఉద్యోగం పోతే దొరికే పరిహారం, అన్నీ ఆ కార్డు రంగును బట్టి మారిపోతాయి.

ఇక ప్యాకేజీ. పిల్లవాడికి "ముప్పై లక్షలు వచ్చింది" అని ఊరంతా చెప్పుకుంటారు. పన్నెండుతో భాగించి నెలకు రెండున్నర లక్షలని లెక్క వేసుకుంటారు. ఉదాహరణకు ఆ ముప్పై లక్షలను విప్పి చూద్దాము. పద్దెనిమిది లక్షలు మూల వేతనమూ భత్యాలూ అనుకుందాము. ఇందులోనే కంపెనీ కట్టే భవిష్య నిధి వాటా, గ్రాట్యుటీ కూడా కలిపి చూపుతారు. మూడు లక్షలు చేరినందుకు ఒక్కసారి ఇచ్చే బోనసు. మిగిలిన తొమ్మిది లక్షలు షేర్లు, అనగా నాలుగేళ్ళలో ఇస్తామన్న ముప్పై ఆరు లక్షల విలువైన షేర్లలో ఏడాదికి పడే సగటు. పన్ను, భవిష్య నిధి పోగా నెలనెలా బ్యాంకులో పడేది లక్షా పాతిక వేల ప్రాంతంలో ఉంటుంది. ఊరు వేసిన లెక్కలో అది సగం.

షేర్లు నాలుగేళ్ళకు సమానంగా పంచి ఇస్తారని కూడా లేదు. అమెజాన్‌లో చాలాకాలం నడిచిన పద్ధతి ప్రకారం మొదటి ఏడాది చివర 5 శాతం, రెండవ ఏడాది చివర 15 శాతం, ఆ తర్వాత రెండేళ్ళలో ప్రతి ఆరు నెలలకు 20 శాతం చొప్పున షేర్లు చేతికి వస్తాయి. మొదటి రెండేళ్ళ లోటును నగదు బోనసుతో పూడుస్తారు. మూడవ ఏట నగదు ఆగిపోయి షేర్లే మిగులుతాయి. ఈలోగా ఉద్యోగం మానినా, మాన్పించినా మిగిలిన షేర్లు సాధారణంగా కంపెనీవే. వాటి ధర స్థిరమూ కాదు. 2022 ఒక్క సంవత్సరంలోనే ఫేస్‌బుక్ యజమాని అయిన మెటా షేరు ధర దాదాపు మూడింట రెండు వంతులు పడిపోయింది. షేరు చేతికి వచ్చిన రోజునే దాని విలువను జీతంగా లెక్కించి ఆదాయపు పన్ను వేస్తారు, అమ్మినా అమ్మకపోయినా. చేతికి వచ్చిన షేర్లపై జకాత్ ఎట్లా లెక్కించాలి, ఇంకా రానివాటి సంగతి ఏమిటి అన్న ప్రశ్నలను ఉలమాను స్వయంగా అడిగి తెలుసుకోవడం మేలు. మా వద్దకు వచ్చే ఉత్తరాలలో ఈ సందేహం ఇప్పటికీ అరుదు. బహుశా షేర్ల విషయం ఇంట్లో చెప్పేవారే అరుదేమో.

పని సంగతికి వద్దాము. ఇటువంటి చోట ఇంజినీరు రోజంతా కంప్యూటర్‌లో ప్రోగ్రాము రాస్తూ కూర్చుంటాడని మనం ఊహిస్తాము. వాస్తవానికి అతని సమయంలో పెద్ద భాగం ఇతరులు రాసినదాన్ని చదవడానికి, తాను రాసినదాన్ని ఇతరుల చేత ఒప్పించుకోవడానికి, సమావేశాలకు పోతుంది. ఏ చిన్న మార్పు అయినా తోటివారు పరిశీలించి సమ్మతి తెలిపిన పిదపే ముందుకు కదులుతుంది. అమెజాన్‌లో 2004 ప్రాంతం నుండి పై స్థాయి సమావేశాలలో బొమ్మల ప్రదర్శనలు మాన్పించి, ఆరు పేజీల వ్యాసం రాసుకొని రమ్మంటారు. సమావేశం మొదట్లో అందరూ మౌనంగా కూర్చుని దాన్ని చదువుతారు. తెలుగు మాధ్యమంలో పదవ తరగతి చదివి వచ్చిన మన పిల్లలకు లెక్కలలో, తర్కంలో ఏ లోటూ ఉండదు. వారిని వెనక్కు లాగేది ఈ రాత, ఈ వాదన. ఇంగ్లీషులో ఒక విషయాన్ని సూటిగా రెండు పేజీలు రాయడం నేర్పించే కళాశాల మా జిల్లాలో ఉంటే ఎంత బాగుండునో!

ఏడాదికోసారి, కొన్నిచోట్ల రెండుసార్లు, పనికి విలువ కట్టడం ఉంటుంది. ఎంత బాగా చేశావన్నదానితో పాటు పక్కవానికంటే ఎంత బాగా చేశావన్నదీ చూస్తారు. మైక్రోసాఫ్ట్‌లో ప్రతి బృందంలోనూ కొందరిని తప్పనిసరిగా అడుగు వరుసలో ఉంచే పద్ధతి ఏళ్ళ తరబడి నడిచింది. తోటి ఉద్యోగులే ఒకరికొకరు పోటీదారులై సహకారం దెబ్బతిన్నదన్న విమర్శ తర్వాత 2013 నవంబరులో దానిని ఎత్తివేశారు. పేరు మారినా పోలిక అనేది వేరు వేరు రూపాలలో ఇతర కంపెనీలలో ఉన్నది. నెల చివర ఇంటికి ఫోను చేసి "అంతా బాగానే ఉంది అమ్మీ" అనే కొడుకు గొంతులో అలసట వినిపిస్తే, అది ఈ రుతువు కావచ్చు.

సమయం విషయంలో కొంత ఆగాలి. హైదరాబాదుకు, అమెరికా పడమటి తీరానికి వేసవిలో పన్నెండున్నర గంటల తేడా, చలికాలంలో పదమూడున్నర. అక్కడ ఉదయం తొమ్మిదికి బృందం కూర్చుంటే ఇక్కడ వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర. ఇటీవలి సంవత్సరాలలో రంజాన్ ఫిబ్రవరి, మార్చి నెలలలో వస్తున్నది. మార్చి రెండవ ఆదివారం అమెరికాలో గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. రంజాన్ మొదటి రోజులలో తరావీహ్ ముగించుకొని నింపాదిగా సమావేశానికి కూర్చున్న యువకుడికి, ఆ ఆదివారం తర్వాత అదే సమావేశం తరావీహ్ నడుమకు వచ్చి పడుతుంది. డిసెంబరులో మరో ఇబ్బంది: హైదరాబాదులో సూర్యుడు 5:40 ప్రాంతంలోనే అస్తమిస్తాడు, అది సరిగ్గా సాయంకాలపు సమావేశాల వేళ.

మాకు తెలిసిన యువతీ యువకుల అనుభవం ప్రకారం, ముందుగా చెప్పినవారికి ఇబ్బంది తక్కువ. ఆఫీసు క్యాలెండరులో మగ్రిబ్‌కు పావుగంట, జుమాకు గంటన్నర "ఖాళీ లేదు" అని గుర్తు పెట్టుకుంటే ఇతరులు సాధారణంగా గౌరవిస్తారు. అడగడానికి సిగ్గుపడి మెట్ల కింద మూలన నమాజు చేసుకునే పిల్లలూ ఉన్నారు. వారిలో కొందరికి తమ భవనంలోనే ప్రార్థన గది ఉన్నదని రెండేళ్ళకు గాని తెలియలేదు.

"ఆన్‌కాల్" అనే బాధ్యత వేరు. కొన్ని వారాలకొకసారి వంతు వస్తుంది. ఆ వారంలో రాత్రి ఏ వేళనైనా ఫోను మోగితే నిమిషాలలో లేచి లోపాన్ని సరిచేయాలి. పండుగకు ఊరికి వచ్చిన అల్లుడు సేమియా పాయసం ముందు ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడని అత్తగారు నొచ్చుకోవడం మేము చూశాము. ఆ వారం అతని వంతని ముందే తెలిసి ఉంటే నొప్పి ఉండేది కాదు. ఈద్ వారం వంతును మరొకరితో మార్చుకోవడం చాలా బృందాలలో సాధ్యమే. తమ పండుగకు మన పిల్లలు ఆ మేలును తిరిగి చేస్తారు.

2020 మార్చిలో కరోనా వచ్చి అందరూ ఇళ్ళకు చేరినప్పుడు, ఊరి నుండే పని చేయవచ్చన్న ఆశ కలిగింది. కొందరు తల్లిదండ్రుల వద్దే ఉండి, పై గది కట్టించుకొని, ఇంటర్నెట్టు తీగ వేయించుకున్నారు. ఆ తర్వాత కంపెనీలు ఒక్కొక్కటే వెనక్కు పిలిచాయి. 2025 జనవరి నుండి అమెజాన్ వారానికి అయిదు రోజులూ ఆఫీసుకు రమ్మన్నది. పై గదులకు తాళాలు పడ్డాయి.

ఉద్యోగం పోవడం గురించి మన ఇళ్ళలో ఎవరూ మాట్లాడరు. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో అమెజాన్ 18,000, గూగుల్ 12,000, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తొలగిస్తున్నట్లు ప్రకటించాయి. ఇవి నష్టాలతో మూతబడుతున్న దుకాణాలు కావు, ప్రపంచంలోకెల్లా ధనిక కంపెనీలు. మన పిల్లవాడు చక్కగా పనిచేసినంత మాత్రాన ఆ జాబితాలో పేరు రాకపోవాలని లేదు. ఒక్కోసారి ఆ విభాగమే మూసేస్తారు. అమెరికాలో హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి మరీ కష్టం: ఉద్యోగం పోయిన నాటి నుండి గరిష్ఠంగా 60 రోజులలో మరొకటి వెతుక్కోవాలి, లేదా మరో వీసాకు మారాలి, లేదా దేశం విడవాలి. బడిలో పిల్లలు, ఇంటి అద్దె ఒప్పందం, కారు వాయిదాలు అన్నీ ఆ అరవై రోజులలోనే తేలాలి.

ఇటువంటి ఉద్యోగం మీద ఇరవై ఏళ్ళ వడ్డీ అప్పు ఎత్తుకోవడంలోని ప్రమాదాన్ని వేరుగా చెప్పనవసరం లేదు. వడ్డీ నిషేధం పాఠకులకు తెలిసినదే. దానిని పక్కన పెట్టి కేవలం లౌకికంగా లెక్కించినా, నాలుగేళ్ళ షేర్ల మీద ఇరవై ఏళ్ళ వాయిదాను నిలబెట్టలేము.

సంబంధాల విషయంలో నష్టం మరీ ఎక్కువ. ప్యాకేజీ అంకె పెరిగిన కొద్దీ "జోడే కి రఖం" పెరగడం మన సమాజానికి పట్టిన తెగులు. మా పరిసరాలలో ఇటీవల ఒక పెళ్ళిచూపులలో అమ్మాయి మేనమామ అబ్బాయిని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "బాబూ, నీ జీతం చీటీ మీద ఏ కంపెనీ పేరుంటది?" అబ్బాయి తడబడలేదు. "చాచా, పని చేసే భవనం వాళ్ళది. జీతం చీటీ మీద వేరే కంపెనీ పేరుంటది. కాంట్రాక్టు వచ్చే మార్చి దాకా ఉన్నది" అన్నాడు. అబ్బాయి తండ్రి ముఖం చిన్నబోయింది. ఊళ్ళో ఆయన చెప్పుకున్నది మరొకటి. ఆ నిజాయితీ అమ్మాయి వారికి నచ్చింది. రఖం ప్రసక్తి లేకుండానే నికాహ్ జరిగింది, మహర్ నగదుగా అక్కడికక్కడే ముట్టింది.

హైదరాబాదుకు ఇవతల కూడా ఒక దారి తెరుచుకుంటున్నది. 2020 జనవరిలో వరంగల్ సమీపాన మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు ప్రారంభమయ్యాయి. చిల్పూరు నుండి అక్కడికి రోజూ వెళ్ళి రావచ్చు. హైదరాబాదుతో పోలిస్తే అక్కడ దొరికే కొలువులు కొద్ది, జీతమూ సాధారణంగా తక్కువే. అయినా ఈ ఏడాది బి.టెక్. పూర్తి చేస్తున్న పిల్లలున్న ఇళ్ళవారు, మాదాపూర్‌కు పది దరఖాస్తులు పంపేటప్పుడు మడికొండకూ ఒకటి పంపమని చెప్పడం మంచిదని మా అభిప్రాయం.