ఏ ఫొటో చూపాలో పిల్లలే చెప్పాలి

శరణార్థి పిల్లలకు ఫొటోగ్రఫీ నేర్పితే వాళ్ల మనసు తేలికపడుతుందని చాలామంది అంటారు. పడవచ్చు. నా దృష్టిలో ఆ చదువు విలువ అంతకన్నా పెద్దది. ఊరు వదలడం, సరిహద్దు దాటడం, ఫలానా శిబిరంలో ఉండడం, వీటిలో ఏదీ ఆ పిల్లలు కోరుకున్నది కాదు. దేన్ని ఫొటో తీయాలి, తీసినవాటిలో దేన్ని నలుగురికీ చూపాలి, కింద ఏం రాయాలి అన్నది మాత్రం వాళ్లే తేల్చుకోగలరు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ వెండీ ఈవాల్డ్ 1990 ప్రాంతంలో నార్త్ కరొలైనాలోని డర్హమ్ బడుల్లో ప్రారంభించిన పద్ధతికి ఇదే పునాది. పిల్లలు తమనూ, ఇంటివాళ్లనూ, ఇరుగుపొరుగునూ, చివరికి తమ కలలనూ ఫొటోలు తీసి, ఆ తర్వాత వాటి గురించి రాస్తారు. కొత్త దేశపు భాషలో వ్యాసం రాయమంటే కదలని పెన్ను, తాను తీసిన ఫొటో ఎదురుగా ఉంటే కదులుతుంది, ఎందుకంటే అందులో ఏముందో తనకే బాగా తెలుసు.

తిండికీ బడికీ గుర్తింపు కాగితాలకూ కరువైనచోట కెమెరా ఎందుకని అడిగేవాళ్లున్నారు. కెమెరా ఆ లోటు తీర్చదు, నిజమే. కానీ 2017 ఆగస్టు నుంచి మయన్మార్ వదిలి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ చేరిన ఏడు లక్షలమందికి పైగా రోహింగ్యాలను ప్రపంచం ఎక్కువగా చూసింది బయటినుంచి వచ్చి వెళ్లినవాళ్ల ఫొటోల్లోనే. ఆ శిబిరాల యువత తీసిన ఫొటోలతో 2022లో ‘రోహింగ్యాటోగ్రాఫర్’ పత్రిక మొదలైంది. తమవాళ్ల ముఖాలనూ రోజువారీ బతుకునూ అక్కడే ఉండేవాళ్లు చూపించారు. అందరి చేతిలో ఫోన్ ఉండగా నేర్పేదేముందన్న ప్రశ్నకూ జవాబు ఇక్కడే దొరుకుతుంది. మయన్మార్‌లోని రఖైన్‌లో ఇంకా బంధువులున్న మనిషి ముఖం బయటపడితే ఏమవుతుంది? ఎప్పుడు అనుమతి అడగాలి, ఎప్పుడు ఫోన్ జేబులో పెట్టేయాలి? ఫోన్ ఇవి నేర్పదు.

గట్టి అభ్యంతరం మరొకటుంది. ఈ ఫొటోలు చివరకు నిర్వాహకుల ప్రచారానికీ, విరాళాల సేకరణకూ పనికొస్తాయని. ఇందులో నిజముంది. బ్రిటన్‌లో ‘ఫొటోవాయిస్’ సంస్థను స్థాపించినవారిలో ఒకరైన టిఫనీ ఫెయిరీయే, ఇలాంటి పథకాలు ‘గొంతునిస్తున్నాం’ అని చెప్పుకోవడాన్ని తన పరిశోధనలో ప్రశ్నించారు. అలాగని తరగతులు మూసేయక్కర్లేదు, ఫొటోల మీద హక్కు పిల్లలకు ఉంచితే చాలావరకు సరిపోతుంది. హైదరాబాద్‌లో బాలాపూర్ చుట్టుపక్కల కూడా రోహింగ్యా కుటుంబాలున్నాయి. 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు కాబట్టి ఇక్కడ ముఖం కనబడడమే ప్రమాదం కావచ్చు. అక్కడ తరగతి పెట్టాలనుకునేవాళ్లు కెమెరాలు కొనకముందే ఒక కాగితం రాసుకోవాలి: ఫొటోలు ఎవరివి, ఎక్కడ దాస్తారు, పెద్దయ్యాక వద్దంటే ఎలా తీసేస్తారు. అది ఆ పిల్లల భాషలో ఉండాలి.