శేషాచలపు పూత – కెమేరా కన్ను

మాఘ ఫాల్గుణ మాసములలో తిరుమల, తలకోన ప్రాంతపు కొండలలో నడచువారికి, ఎండి బూడిదరంగుకు తిరిగిన అడవిలో అక్కడక్కడ పసుపు ముద్దలు కనబడును. అవి కొండగోగు పూలు. చెట్టున ఆకు ఒక్కటియు ఉండదు. అరచేయంత పూలు మాత్రము కొమ్మల చివర విరిసియుండును. చూచినవారు ఆగి, జేబులోని ఫోను తీసి, ఒక చిత్రము తీసికొందురు. ఇంటికి వచ్చి చూచుకొన్నచో అందులో తెల్లని ఆకాశము, నల్లని కొమ్మలు, గుర్తుపట్టరాని కొన్ని మచ్చలు మిగులును. కన్ను చూచినదానిని కెమేరా ఎందుకు చూడలేదు?

ముందు చెట్టు సంగతి. 1989లో ఏర్పడి, సుమారు 353 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానములో అధికభాగము ఆకురాల్చు అడవి. ఈశాన్య ఋతుపవనములు వెనుదిరిగిన తరువాత నేలలో తేమ తగ్గుచుండును. ఆకు ఉన్నంతకాలము నీరు ఆవిరియగుచునే ఉండును గనుక చెట్టు ఆకును విడిచి నీటిని దాచుకొనును. ఆకులు లేని ఆ సమయమే పూతకు అనుకూలము. పూలు దూరమునుండి కనబడును. పక్షులకు, తుమ్మెదలకు అడ్డు ఉండదు. కొండగోగు, మోదుగ, బూరుగ మూడును ఈ పద్ధతినే అవలంబించినవి. అయితే వీని అతిథులు వేరు. మోదుగ, బూరుగ ఎర్రని పూలతో, తేనెతో పక్షులను పిలుచును. తేనెటీగకు ఎరుపు సరిగా కనబడదు. పక్షికి బాగుగా కనబడును. కొండగోగులో తేనె లేదు, పుప్పొడి మాత్రమే ఉన్నది. అదియు కేసరముల కొనలందలి సన్నని రంధ్రములలో దాగియుండును. తుమ్మెద కేసరములను పట్టుకొని రొద చేయుచు శరీరమును కంపింపజేసినప్పుడే, ఉప్పుబుడ్డిని దులిపినట్లు, పుప్పొడి రాలును.

ఇక కెమేరా. అందులోని కాంతిమాపకమునకు పూవేదో ఆకాశమేదో తెలియదు. తన ముందున్న దృశ్యమంతయు సగటున ఒక మధ్యరకపు బూడిదరంగు అని అది భావించును. దృశ్యములో ముప్పాతిక భాగము వెలుగుచున్న ఆకాశమైనచో, కాంతి ఎక్కువైనదని తలచి దానిని తగ్గించును. ఆకాశము కుదుటపడును గాని పూవు చీకటిలో పడును. కాంతిని ఒకటి రెండు స్టాపులు పెంచుట, అనగా రెండు నాలుగు రెట్లు చేయుట, ఒక ఉపాయము. కాని లోయలలో ఇంతకంటె మంచి ఉపాయము ఉన్నది. చెట్టు క్రింద నిలిచి పైకి చూచుటకు బదులు, దారి కొంత ఎత్తుకు పోయిన తరువాత అక్కడినుండి చెట్టును క్రిందికి చూడవలెను. అప్పుడు పూల వెనుక ఆకాశము ఉండదు. నీడలో నున్న ఎదుటి కొండచరియ ఉండును. నల్లపలక మీద సుద్దముక్కతో వ్రాసినట్లు పసుపు తేలును.

మోదుగ పూవు తెచ్చిపెట్టు చిక్కు వేరు. చిలుకముక్కును పోలిన ఈ పూవును చూచి ‘ఇది చిలుకయా?’ అని సందేహించినట్లు సంస్కృతములో దీనికి కింశుకమని పేరు. తొలినాటి ఛాయాచిత్రపు పలకలు నీలి, ఊదా కాంతులకే స్పందించెడివి. వానిపై ఈ పూవు మసిబొగ్గువలె పడెడిది. 1873లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫోగెల్ పలకలపై రంగుద్రవ్యములు చేర్చినచో అవి ఆకుపచ్చ కాంతిని కూడ గ్రహించునని కనుగొనెను. ఎరుపు కూడ అందిన ఫిల్ములు ఆ తరువాతివి. నేటి డిజిటల్ కెమేరాలో ప్రతి నాలుగు కణములలో రెండింటిపై ఆకుపచ్చ, ఒకదానిపై ఎరుపు, ఒకదానిపై నీలి వడపోతలుండును. కొడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ 1976లో దీనికి పేటెంటు పొందెను. సాధారణ చిత్రములో ఒక్కొక్క రంగును 0 నుండి 255 వరకు అంకెలతో గుర్తింతురు. ఎండలో నున్న మోదుగ పూవునందు ఎరుపు మిగిలిన రెండు రంగులకంటె ముందే 255కు చేరును. నిండిన కుండలో ఎంత పోసినను నిలువదు గదా! రేకులోని ఈనెలు, మడతలు, మెత్తని నూగు అన్నియు ఒకే ఎర్రని ముద్దయగును. కనుక కొండగోగుకు పెంచిన కాంతిని మోదుగకు తగ్గించవలెను. ఫోనులో పూవుమీద వేలుంచి, ప్రక్కన కనబడు సూర్యుని గుర్తును క్రిందికి జరిపినచో చాలును.

వేళ కూడ ముఖ్యము. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. ఏప్రిల్ 26 ప్రాంతమున మధ్యాహ్న సూర్యుడు అచటివారి నడినెత్తిన నిలుచును. అట్టి వెలుగులో పూవు పైభాగము తెల్లబోయి, క్రిందిభాగము నల్లబడును. ఉదయము తొమ్మిదిలోపు తీసినది మేలు. లోయ నీడలో తీసినచో వెలుగంతయు నీలాకాశమునుండియే వచ్చును గనుక పసుపు కొంచెము పచ్చబారును. చెట్టు దగ్గర తెల్లకాగితమొకటి ఉంచి ముందు దానిని చిత్రించినచో, తరువాత రంగును సరిదిద్దుకొనవచ్చును.

ఇంత శ్రమ అందమైన చిత్రమునకేనా? అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున లోవెల్ పట్టణపు శ్మశానవాటికలో 1868 మే 30న ఎవరో ఒక చిత్రము తీసిరి. అందులో చెట్లు మోడులు. 2005లో అదే తేదీన అక్కడనే తీసిన చిత్రములో చెట్లు నిండుగా ఆకు వేసియున్నవి. ఒక జత చిత్రములు ఏమియు ఋజువు చేయవు. ఆ ఒక్క సంవత్సరము చలి ఎక్కువై ఉండవచ్చును. అందుచేత పరిశోధకులు అట్టి పాత చిత్రములను, ఎండబెట్టి దాచిన మొక్కల నమూనాలను అనేకము పోల్చి, వసంతము ముందుకు జరిగినదని నిర్ధారించిరి. ఆ చిత్రము తీసినవాడు వాతావరణమును గూర్చి ఆలోచించియుండడు. దాని విలువయంతయు తేదీలో, స్థలములో ఉన్నది.

మన ప్రాంతమున ‘ఉగాదికి వేప పూచినది’ అను మాట ప్రతి ఇంట వినబడును. కాని ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చినది. పండుగ స్వయముగా పద్దెనిమిది దినములు జరుగునప్పుడు, పూత జరిగినదో లేదో దానితో కొలుచుట ఎట్లు? చాంద్రమానపు తిథి పచ్చడికి సరిపోవును. కొలతకు సూర్యుని అనుసరించు తేదీ కావలెను.

పాఠశాలలో ఈ పని సులభము. ఆవరణలోని ఒక వేపనో కానుగనో ఎన్నుకొని, నిలుచుటకు నేలపై ఒక రాయి పాతి, వారమున కొకసారి ఒకే వేళకు ఒకే దిక్కునుండి చిత్రము తీయవలెను. మొగ్గ, పూత, కొత్త ఆకు ఎంతెంత భాగమో పుస్తకములో వ్రాయవలెను. పూత లేని వారముల చిత్రములు కూడ తీయుట మరువరాదు; పూయలేదనుటయు ఒక సమాచారమే. ఫోను రంగులకు తానే చేయు మెరుగులను ఆపివేయుట మంచిది. వాట్సాప్‌లో మామూలు చిత్రముగా పంపినదానినుండి తేదీ, స్థలముల వివరములు తొలగిపోవును గనుక అసలు చిత్రమునే భద్రపరుపవలెను.

ఒక్క ఎర్రచందనము విషయమున మాత్రము దీనికి విపర్యయముగా జాగ్రత్త పడవలెను. దొంగనరుకుడు వలన ప్రమాదములో పడిన ఈ చెట్టు పూర్వకనుమలలోని ఈ దక్షిణభాగమునకే ప్రత్యేకము. దాని చిత్రమును నలుగురికి చూపునప్పుడు స్థలవివరములను తొలగించియే చూపవలెను. పుస్తకములో మాత్రము అవి ఉండవచ్చును. సువాసనగల దాని చిన్న పసుపు పూలు ఏప్రిల్, మే నెలలలో, సరిగా పాఠశాలలకు సెలవులిచ్చు వేళకే పూచును. అందుచేత పట్టికలో ఆ వరుస ఖాళీగా మిగులకుండవలెనన్నచో, సెలవులలోను ఊరిలోనే ఉండు పిల్లలకు ఆ చెట్టును మార్చిలోనే అప్పగించవలెను.