పాదాల కీళ్లవాతం: చికిత్స, నిత్యజీవితం

మన శరీరంలో పాదం చిన్న భాగమే. కాని ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉన్నాయి. నూరుకు పైగా కండరాలు, స్నాయువులు, బంధనాలు వాటిని పట్టి ఉంచుతాయి. నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ శరీరం బరువును మించిన భారం ఒక్క పాదం మీదనే పడుతుంది. అందుకే బొటనవేలి మొదట్లో నొప్పి పుడితే మనిషి వీధి చివరి దాకా కూడా వెళ్లలేడు.

కీళ్లవాతం అన్నది ఒకే జబ్బు కాదు. రకాన్ని బట్టి మందు మారుతుంది. కాబట్టి ముందుగా రకాలను తెలుసుకుందాం.

రకాలు, గుర్తులు

మొదటిది అరుగుదల వల్ల వచ్చేది. ఎముకల చివర నున్నగా ఉండే మృదులాస్థి పలచబడి, ఎముక అంచులు పెరుగుతాయి. ఇది ఎక్కువగా బొటనవేలి మొదటి కీలులోనూ, పాదం నడిమి భాగంలోనూ వస్తుంది. చీలమండలో వస్తే చాలామందిలో పాత దెబ్బ గాని, విరిగి అతికిన ఎముక గాని కారణమై ఉంటుంది. నడిచిన కొద్దీ నొప్పి పెరిగి, కూర్చుంటే తగ్గుతుంది.

రెండవది రుమటాయిడ్ కీళ్లవాతం. శరీరంలోని రక్షణ వ్యవస్థ తన కీళ్ల పొర మీదనే దాడి చేయడం వల్ల ఇది వస్తుంది. తరచు రెండు పాదాల్లోనూ చిన్నవేళ్ల మొదళ్లు వాస్తాయి. ఉదయం లేచాక అరగంట, గంట దాటినా బిగుసుకుపోయినట్లే ఉంటాయి. గులకరాళ్ల మీద నడుస్తున్నట్లుందని రోగులు చెబుతారు.

మూడవది గౌట్. రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి, కీలులో స్ఫటికాలుగా పేరుకుంటుంది. అర్ధరాత్రి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తుంది. నొప్పి ఉన్న రోజున రక్తపరీక్షలో యూరిక్ ఆమ్లం మామూలుగా కనిపించవచ్చు. అంతమాత్రాన గౌట్ కాదని అనుకోరాదు.

చికున్‌గున్యా జ్వరం తగ్గాక కూడా కొందరికి చీలమండలు, పాదాల నొప్పులు నెలల తరబడి మిగిలిపోతాయి. 2006లో దక్షిణ భారతంలో ఆ జ్వరం వ్యాపించినప్పుడు ఎందరికో ఇది అనుభవమైంది.

ఆలస్యం ఎందుకు కూడదు?

రుమటాయిడ్ రకంలో మొదటి కొద్ది నెలలు చాలా విలువైనవి. అప్పుడే మందు మొదలుపెడితే కీలు వంకర పోకుండా కాపాడుకోవచ్చు. నొప్పి బిళ్లలు బాధను తగ్గిస్తాయే గాని ఎముక దెబ్బతినడాన్ని ఆపవు. ఆపగలిగిన వాటిలో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. వారంలో ఏ రోజున వేసుకోవాలో చీటీ మీద రాయించుకోండి. మధ్యమధ్య రక్తపరీక్షలు తప్పవు. గర్భిణులు దీన్ని వాడరాదు.

గౌట్‌కు నొప్పి తగ్గించే మందు వేరు, యూరిక్ ఆమ్లాన్ని తగ్గించే మందు వేరు. రెండవదాన్ని నొప్పి పోయిందని మానేయకూడదు. బీరు తదితర మద్యం, లివరు వంటి మాంసాలు, రొయ్యలు, కవళ్లు తగ్గించాలి.

అరుగుదల రకానికి నొప్పి తగ్గించే పూతమందు, అవసరమైతే బిళ్లలు సరిపోతాయి. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, రక్తపోటు ఉన్నవారు వైద్యుని అడగకుండా నొప్పి బిళ్లలు వాడరాదు. పేరు తెలియని పొడులు, పొట్లాలు అసలే వద్దు. వాటిలో స్టిరాయిడ్లు కలిసి ఉండవచ్చు.

పుదుచ్చేరిలో నివసించేవారికి

ఈ పట్టణంలో వైద్యవిద్యకు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. 1823లో ఫ్రెంచివారి కాలంలో మొదలైన వైద్య పాఠశాల నుంచే నేటి జిప్మర్ ఎదిగింది. 2008లో దీనికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు వచ్చింది. ఎముకల విభాగంతోపాటు, రుమటాయిడ్ వంటి జబ్బులను చూసే క్లినికల్ ఇమ్యునాలజీ విభాగం కూడా ఇక్కడ ఉంది. వెళ్లేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మందులు, రోజూ తొడిగే చెప్పులు తీసుకెళ్లండి. చెప్పు ఎక్కడ అరిగిందో చూస్తే బరువు ఎక్కడ పడుతోందో తెలుస్తుంది. పాదం ఎక్స్‌రే వీలైతే నిలబడి తీయించుకోవడం మంచిది.

ఇక నడక సంగతి. సముద్రతీరపు రోడ్డు మీద సాయంత్రం నుంచి వాహనాలను రానివ్వరు. చదునైన ఆ దారి మీద బూట్లతో నడవడం మంచిదే. మెత్తని ఇసుకలో మాత్రం పాదం పక్కలకు ఒరిగి కీళ్లు శ్రమ పడతాయి. నడక కష్టమైనవారికి సైకిలు మంచి వ్యాయామం. చదునైన ఈ పట్టణంలో అది కష్టం కాదు.

చెప్పులు, ఇల్లు, గుడి

చెప్పు ముందుభాగం వెడల్పుగా, అడుగు గట్టిగా ఉండాలి. బొటనవేలు బిగిసినవారికి అడుగు ముందువైపు కొద్దిగా పైకి వంగిన బూటు హాయినిస్తుంది. వేళ్ల మొదళ్లు నొప్పి పెట్టేవారికి లోపల మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు ఉన్న చెప్పులు మేలు. ఎత్తు మడమలు మానాలి.

మన ఇళ్లలో గుమ్మం దగ్గరే చెప్పులు విడుస్తాం. గట్టి గచ్చు మీద రోజంతా వట్టి కాళ్లతో తిరగడం పాదానికి భారమే. ఇంటి లోపలికి వేరే జత మెత్తని చెప్పులు పెట్టుకోండి. గుడికి ఎండ ఎక్కకముందే వెళ్లండి. మధుమేహం వల్ల స్పర్శ తగ్గినవారికి కాలిన రాయి వేడి తెలియదు, బొబ్బ లేచాకే తెలుస్తుంది.

రోజూ పది నిమిషాలు వ్యాయామానికి కేటాయించండి. గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయండి. కూర్చుని చీలమండను గుండ్రంగా తిప్పండి. నేల మీది తువ్వాలును కాలివేళ్లతో దగ్గరకు లాగండి. బరువు కొద్దిగా తగ్గినా పాదాలకు ఆ మేరకు భారం తగ్గుతుంది.

శస్త్రచికిత్స ఎప్పుడు?

ఇవేవీ పనిచేయనప్పుడే. పెరిగిన ఎముకను చెక్కడం, అరిగిన కీలును కదలకుండా అతికించడం, చీలమండ కీలు మార్పిడి వంటి పద్ధతులు ఉన్నాయి. అతికించిన కీలు వంగదు, కాని నొప్పి పోయి నడక మెరుగుపడుతుంది. ఎముక అతకడానికి వారాలు పడుతుంది. పొగతాగేవారికి అది సరిగా అతకకపోవచ్చు.

ఒక హెచ్చరిక. జ్వరంతోపాటు ఒక కీలు ఎర్రగా, వేడిగా వాస్తే అది చీము కావచ్చు. మధుమేహం ఉన్నవారి పాదం నొప్పి లేకుండానే వాచి వేడెక్కితే ఎముకలు లోపల విరుగుతూ ఉండవచ్చు. ఈ రెండింటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మిగిలిన నొప్పులకు కూడా వయసు మీద నెపం వేసి ఊరుకోకండి. రెండు వారాలు దాటిన వాపుకు కారణం కనుక్కోండి.