పాత కంప్యూటర్‌కు కొత్త ఊపు.. ముందు డిస్కు, తర్వాతే బోర్డు

సికింద్రాబాద్‌: పిల్లల చదువుకో, దుకాణం లెక్కలకో ఏడెనిమిదేళ్ల క్రితం కొన్న కంప్యూటర్లు అనేక ఇళ్లలో మొరాయిస్తున్నాయి. మీట నొక్కిన తర్వాత తెర సిద్ధం కావడానికే నిమిషాలు పడుతోంది. దీనికితోడు విండోస్‌ 10కు మైక్రోసాఫ్ట్‌ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. యంత్రాన్ని పూర్తిగా మార్చాలా, మదర్‌బోర్డు మారిస్తే చాలునా అన్న సందిగ్ధం గృహ వినియోగదారులకు ఎదురవుతోంది. వరుస తెలిసి ఖర్చు చేస్తే తక్కువ సొమ్ముతోనే పని నెరవేరుతుంది. వరుస తప్పితే డబ్బుతోపాటు ఏళ్లుగా దాచుకున్న ఫొటోలు, పత్రాలు సైతం దక్కకుండా పోయే ప్రమాదముంది.

జాప్యం డిస్కుదే

పాత కంప్యూటర్లు నెమ్మదించడానికి చాలా సందర్భాల్లో ప్రాసెసర్‌ కారణం కాదు, హార్డ్‌డిస్కే కారణం. అందులో నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరిగే పళ్లేలపై చిన్న మొన కదులుతూ సమాచారాన్ని చదువుతుంది. చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్ల కోసం ఆ మొన పదే పదే కదలాల్సి రావడంతో ఆలస్యమవుతుంది. సాలిడ్‌ స్టేట్‌ డ్రైవ్‌ (ఎస్‌ఎస్‌డీ)లో తిరిగే భాగాలే ఉండవు. వరుసగా చదివేటప్పుడు హార్డ్‌డిస్కు సెకనుకు సుమారు 100 నుంచి 200 మెగాబైట్లు అందిస్తే, సాటా ఎస్‌ఎస్‌డీ 500 మెగాబైట్లకు పైగా అందిస్తుంది. చిన్న ఫైళ్ల విషయంలో ఈ తేడా ఇంకా ఎన్నో రెట్లు ఉంటుంది.

హార్డ్‌డిస్కుకు వాడే సాటా కేబుళ్లే దీనికీ సరిపోతాయి. విండోస్‌ను, రోజూ వాడే ప్రోగ్రాములను 250 జీబీ పరిమాణపు ఎస్‌ఎస్‌డీలో ఉంచి, ఫొటోలు, సినిమాలకు పాత డిస్కునే వాడుకోవచ్చు. అయితే పాత డిస్కు ఆరోగ్యాన్ని క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాంతో ముందుగా పరీక్షించాలి. చెడిన సెక్టార్లు కనిపిస్తే దానిని నమ్ముకోరాదు.

ఎం.2లోనూ రెండు రకాలు

కొంత కొత్త బోర్డులపై ఎం.2 అనే సన్నని స్లాట్‌ ఉంటుంది. అందులో అమర్చే డ్రైవుల్లో సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలున్నాయి. చూపులకు ఒకేలా ఉన్నా, అన్ని స్లాట్లూ రెండింటినీ స్వీకరించవు. కొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్‌ వాడితే ఒక సాటా పోర్టు పనిచేయడం మానేస్తుంది. బోర్డు నమూనా సంఖ్యను బట్టి తయారీదారు పుస్తకంలో సరిచూసుకున్నాకే కొనాలి.

బోర్డు ఒక్కటే మారదు

మదర్‌బోర్డు మార్పు ఒక వస్తువుతో ముగిసే వ్యవహారం కాదు. సాకెట్‌ మారితే ప్రాసెసర్‌, ర్యామ్‌ తరం మారితే ర్యామ్‌ కూడా కొనాల్సి వస్తుంది. సాకెట్‌ పేరు కలిసినంత మాత్రాన సరిపోదు. ఇంటెల్‌ ఎల్‌జీఏ 1151 ఇందుకు ఉదాహరణ. 2017లో వచ్చిన ఎనిమిదో తరం డెస్క్‌టాప్‌ ప్రాసెసర్లకు అంతకుముందరి 100, 200 శ్రేణి బోర్డులు పనికిరావు. డీడీఆర్‌3, డీడీఆర్‌4, డీడీఆర్‌5 ర్యామ్‌లలో గాడి చోటు వేర్వేరు కాబట్టి ఒకదాని స్థానంలో మరొకటి ఇమడదు.

2025 చివరి నెలల్లో ర్యామ్‌ ధరలు గణనీయంగా పెరిగాయి. కాబట్టి ఇంట్లో ఉన్న డీడీఆర్‌4 ర్యామ్‌ను తిరిగి వాడుకునే బోర్డును ఎంచుకోవడం పొదుపు. ఏఎండీ ఏఎం4 బోర్డులు డీడీఆర్‌4తోనే పనిచేస్తాయి. ఏఎం5కు డీడీఆర్‌5 తప్పనిసరి. ఇంటెల్‌ ఎల్‌జీఏ 1700 బోర్డులు రెండు రకాల్లోనూ వచ్చాయి. పెట్టెపై ఏది రాసి ఉందో చూసుకోవాలి.

విండోస్‌ 11 కోసమే బోర్డు మార్చాలనుకునేవారు ముందుగా ఉన్న ప్రాసెసర్‌ను గమనించాలి. సాధారణంగా ఇంటెల్‌ ఎనిమిదో తరం, ఏఎండీ రైజెన్‌ 2000 శ్రేణి, ఆపైవి అందుకు అర్హమైనవి. వీటిలో అవసరమైన టీపీఎం 2.0 సదుపాయం తరచుగా బయోస్‌లో నిలిపివేసి ఉంటుంది. దానిని ఆన్‌ చేస్తే ఖర్చు లేకుండానే పని జరుగుతుంది. అర్హత లేని యంత్రాలకు ఉబుంటు, లినక్స్‌ మింట్‌ వంటి ఉచిత వ్యవస్థలున్నాయి. కంప్యూటర్‌ తేదీ, సమయం పదే పదే మారిపోతుంటే బోర్డు పోయిందని భావించనక్కరలేదు. సీఆర్‌2032 బిళ్ల బ్యాటరీ మారిస్తే చాలా సందర్భాల్లో సరిపోతుంది.

తాళంచెవి లేకుంటే సమాచారం గల్లంతు

అన్నిటికంటే పెద్ద నష్టం ఇక్కడే పొంచి ఉంది. విండోస్‌ 11 ఉన్న అనేక కంప్యూటర్లలో డిస్కులోని సమాచారం రహస్య రూపంలో భద్రమై ఉంటుంది. దానిని తెరిచే ఏర్పాటు బోర్డులోని టీపీఎంతో ముడిపడి ఉంటుంది. బోర్డు మార్చగానే 48 అంకెల బిట్‌లాకర్‌ రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్కు చెక్కుచెదరకుండా ఉన్నా ఫైళ్లు తెరుచుకోవు. కీని మైక్రోసాఫ్ట్‌ ఖాతాలో చూసి ముందే కాగితంపై రాసుకోవాలి. ముఖ్యమైన ఫైళ్లను విడి డిస్కులోకి నకలు తీసి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసిన తర్వాతే పని మొదలుపెట్టాలి. కంప్యూటర్‌తోపాటు వచ్చిన ఓఈఎం విండోస్‌ లైసెన్సు పాత బోర్డుకే పరిమితమన్న సంగతి కూడా మరవరాదు.

కొనుగోలులో ఇవి గమనించాలి

* సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌లోని చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌ (సీటీసీ) వంటి కంప్యూటర్‌ బజార్లలో రెండుమూడు దుకాణాల్లో ధర విచారించాలి. పాత బోర్డు, ప్రాసెసర్‌, ర్యామ్‌ నమూనాలు రాసుకుని వెళ్లాలి.

* కొన్ని బ్రాండెడ్‌ కంప్యూటర్లలో విద్యుత్‌ కనెక్టర్లు, క్యాబినెట్‌ కొలతలు ప్రత్యేకం. సాధారణ బోర్డు వాటిలో అమరకపోవచ్చు. ఎస్‌ఎంపీఎస్‌ సామర్థ్యాన్నీ సరిచూడాలి.

* నమ్మశక్యం కాని ధరకు అత్యధిక సామర్థ్యమంటూ అమ్మే డ్రైవుల్లో నకిలీలు ఉంటాయి. అసలు పరిమాణాన్ని హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో తేల్చుకోవచ్చు.

* వస్తువు సీరియల్‌ సంఖ్యతో జీఎస్‌టీ బిల్లు తీసుకోవాలి. వారంటీకి అదే ఆధారం. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్‌ చేయవచ్చు.

* విప్పే ముందు విద్యుత్‌ తీగ తీసివేసి, క్యాబినెట్‌ లోహ భాగాన్ని తాకాలి. దీనివల్ల శరీరంలోని స్థిర విద్యుత్తు చిప్‌లను దెబ్బతీయదు.

మొదట ఎస్‌ఎస్‌డీ అమర్చి కొన్నాళ్లు వాడి చూడటం మేలు. అప్పటికీ వేగం చాలకపోతేనే బోర్డు గురించి ఆలోచించాలి. ఆ ఎస్‌ఎస్‌డీ కొత్త బోర్డుకూ ఉపయోగపడుతుంది కాబట్టి దానిపై పెట్టిన సొమ్ము వృథా కాదు.