మంచు నేలలో సీతాఫలం చుట్టాలు

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో స్థానిక మొక్కలంటే ఐరోపా వలసదారులు రాకముందు నుంచే అక్కడి అడవుల్లో, చిత్తడి నేలల్లో, పచ్చిక బయళ్లలో వాటంతటవే పెరుగుతున్న చెట్లు, పొదలు, పూలమొక్కలు. శీతాకాలపు గడ్డకట్టే చలి, వేసవి ఉక్క రెండూ వాటికి వేల ఏళ్లుగా అలవాటు. ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించేవి మాత్రం అవి కావు. లాన్‌లో పరిచే కెంటకీ బ్లూగ్రాస్ పేరులో కెంటకీ ఉన్నా ఐరోపా నుంచి వచ్చిన గడ్డి. వసంతంలో వీధుల పొడవునా తెల్లగా పూసే బ్రాడ్‌ఫర్డ్ పేర్ పుట్టిల్లు చైనా. అది తోటలు దాటి బీళ్లలోకి, అడవి అంచుల్లోకి పాకి స్థానిక మొక్కలను కమ్మేస్తోంది. అందుకే ఒహాయో 2023లో, పెన్సిల్వేనియా 2024లో దాని అమ్మకాన్ని నిషేధించాయి.

మొక్కను ఎంచుకునేటప్పుడు ముందుగా చూసేది అది ఎంత చలికి ఓర్చగలదన్నది. ఏటా నమోదయ్యే అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటును బట్టి అమెరికా వ్యవసాయ శాఖ దేశాన్ని 13 మండలాలుగా విభజించి, ఆ పటాన్ని 2023లో సవరించింది. ఈశాన్య రాష్ట్రాల్లో ఒకటైన న్యూజెర్సీలో అధిక భాగం 6, 7 మండలాల్లోకి వస్తుంది. ఆరో మండలంలో చలి సున్నా నుంచి మైనస్ 10 ఫారన్‌హీట్ వరకు, అంటే దాదాపు మైనస్ 18 నుంచి మైనస్ 23 సెల్సియస్ దాకా దిగుతుంది. అయితే మొక్క చలికాలం గడిచి బతుకుతుందా లేదా అన్నంత వరకే ఈ అంకె పనికొస్తుంది. అక్కడి పురుగుకూ పిట్టకూ ఆ మొక్క ఆహారమవుతుందా అన్నది వేరే ప్రశ్న, నిజానికి అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న. చాలా గొంగళిపురుగులు తమకు అలవాటైన కొద్ది జాతుల ఆకులే తినగలవు. డెలావేర్ విశ్వవిద్యాలయ కీటక శాస్త్రవేత్త డగ్లస్ టాలమీ 2007లో రాసిన ‘బ్రింగింగ్ నేచర్ హోమ్’ ఈ సంగతిని సామాన్యుల పెరళ్ల దాకా తెచ్చింది. కరోలినా చికడీ అనే పిడికెడు పిట్ట ఒక్క విడతలో పుట్టిన పిల్లలను పెంచడానికి 6,000 నుంచి 9,000 గొంగళిపురుగులు పట్టి తేవాలి.

ఆ మేతను సమకూర్చడంలో ఓక్‌కు సాటి వచ్చే చెట్టు లేదు. ఆ ప్రాంతంలో 500కు పైగా సీతాకోకచిలుకల, చిమ్మెటల జాతులు దాని ఆకుల మీద పెరుగుతాయి. న్యూజెర్సీ రాష్ట్ర వృక్షం రెడ్ ఓక్. వైట్ ఓక్ కాయ ఒక్క ఏడాదిలో పండితే దీని కాయకు రెండేళ్లు పడుతుంది. చోటున్న ఇంట్లో ముందుగా నాటవలసింది ఓక్ మొక్కే.

చిన్న పెరడుకు రెడ్‌బడ్ చాలు. ఇది 20, 30 అడుగుల ఎత్తున ఆగిపోతుంది. ఏప్రిల్లో ఆకు రాకముందే కొమ్మల మీద, ముదిరిన మాను మీద కూడా గులాబీ రంగు పూలు గుత్తులుగా అంటుకుని పూస్తాయి. తెలుగునాట పెరిగే దేవకాంచనానికి ఇది దగ్గరి చుట్టం. దేవకాంచనం ఆకు కొన రెండుగా చీలి ఉంటుంది. రెడ్‌బడ్ ఆకు చీలిక లేకుండా తమలపాకును పోలి ఉంటుంది.

ఇంతకన్నా అబ్బురం పావ్‌పావ్. పేరు బొప్పాయిని తలపించినా ఇది సీతాఫలం కుటుంబంలోది. ఆ కుటుంబం దాదాపు అంతా ఉష్ణమండలంలోనే ఉండిపోగా, ఇది మాత్రం చలికి ఓర్చి దక్షిణ ఒంటారియో దాకా ఎదిగింది. తెలుగువారు తమ సొంతమనుకునే సీతాఫలం కూడా అమెరికా ఉష్ణమండలం నుంచి భారతదేశానికి వచ్చిందే. పావ్‌పావ్ పండు సెప్టెంబరులో చేతికొస్తుంది. పచ్చని తొక్క కింద పసుపు గుజ్జు, అరటీ మామిడీ కలిసినట్టుండే వాసన, మధ్యలో పెద్ద గింజలు. గుజ్జు తప్ప తొక్క, గింజలు తినకూడదు. కోసిన రెండు మూడు రోజులకే మెత్తబడిపోతుంది కనుక దుకాణాల్లో అరుదు. రుచి చూడాలంటే పెంచుకోవడమే మేలు. ముదురు ఎరుపు పూలకు ఈగలు, చిన్న పెంకుపురుగులు పుప్పొడి మోస్తాయి. ఒంటరి చెట్టు సాధారణంగా కాయదు. వేర్వేరు గింజల నుంచి మొలిచిన రెండు చెట్లు దగ్గర దగ్గరగా ఉండాలి, ఒకే చెట్టు పిలకలు రెండు ఉంటే ప్రయోజనం లేదు. గింజ ఎండితే మొలవదు, అందుకని తడి ఇసుకలో కలిపి మూడు నాలుగు నెలలు ఫ్రిజ్‌లో ఉంచి నాటుతారు. లేత మొక్కకు మొదట్లో నీడ కావాలి. తెలుపు, నలుపు చారల జీబ్రా స్వాలోటెయిల్ సీతాకోకచిలుక పిల్లలకు పావ్‌పావ్ జాతి ఆకు తప్ప మరో తిండి లేదు.

పొదల్లో స్పైస్‌బుష్ ఆకును నలిపితే ఘాటైన సువాసన వస్తుంది. బిర్యానీ ఆకు, దాల్చినచెక్కల కుటుంబమే దీనిదీ. నీడలోనూ బాగా పెరుగుతుంది. న్యూజెర్సీ టీ రేగు కుటుంబంలోని పొట్టి పొద. అమెరికా స్వాతంత్ర్య పోరాట కాలంలో బ్రిటిష్ తేయాకును బహిష్కరించినవారు దీని ఆకులు కాచుకుని తాగారు. ఎత్తుగా పెరిగే బ్లూబెర్రీకి ఆమ్ల గుణమున్న నేల కావాలి. న్యూజెర్సీలోని వైట్స్‌బాగ్‌లో ఎలిజబెత్ వైట్, ఫ్రెడరిక్ కోవిల్ కలిసి అడవి పొదల నుంచి దాన్ని తోటపంటగా మలిచారు, తొలి పంట 1916లో అమ్ముడైంది. వింటర్‌బెర్రీ ఆకులన్నీ రాలాక ఎర్రటి పళ్లతో నిలుస్తుంది. ఇందులో ఆడ, మగ మొక్కలు వేరు. నాలుగైదు ఆడ మొక్కలకు ఒక మగ మొక్క లేకపోతే పండు ఉండదు.

పూలమొక్కల్లో అందరికన్నా ముందు నిలిచేది మిల్క్‌వీడ్. కాడ తుంచితే పాలు కారతాయి, కాయ పగిలితే దూది రెక్కలతో గింజలు గాలిలో తేలిపోతాయి. జిల్లేడు ఎరిగినవారికి ఈ పోలిక చెప్పనక్కరలేదు, రెండూ ఒకే కుటుంబం. మొనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగు మిల్క్‌వీడ్ ఆకు మాత్రమే తిని, ఆ ఆకులోని విషాన్ని ఒంట్లో దాచుకుని పిట్టల నుంచి తప్పించుకుంటుంది. తెలుగు ప్రాంతాల్లో జిల్లేడు మీద పెరిగే ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక చేసేదీ అదే, అది మొనార్క్‌కు జ్ఞాతి. ఈశాన్య రాష్ట్రాల మొనార్క్‌లు శరత్తులో వేల మైళ్లు ఎగిరి మెక్సికో కొండల్లోని ఫర్ చెట్ల మీద చలికాలం గడుపుతాయి. వాటి సంఖ్య బాగా తగ్గిపోవడంతో ముప్పున్న జాతుల జాబితాలో చేర్చాలని 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ప్రతిపాదించింది. తేమ నేలకు స్వాంప్ మిల్క్‌వీడ్, ఎండ తగిలే పొడి నేలకు నారింజ పూల బటర్‌ఫ్లై వీడ్ తగినవి. కామన్ మిల్క్‌వీడ్ వేరు నేలలో పాకుతుంది కనుక చిన్న మడిలో వద్దు.

బంతి కుటుంబానికి చెందిన కోన్‌ఫ్లవర్, బ్లాక్ ఐడ్ సూసన్ వేసవి అంతా పూస్తాయి. సెప్టెంబరులో పసుపు గోల్డెన్‌రాడ్, ఊదా ఆస్టర్ వాటి స్థానంలోకి వస్తాయి. తుమ్ములకు కారణం గోల్డెన్‌రాడ్ అన్న అపవాదు చాలాకాలంగా ఉంది, అది అన్యాయం. దాని పుప్పొడి బరువైనది, జిగురుది, కీటకాలే మోయాలి. గాలిలో కొట్టుకొచ్చి ఇబ్బంది పెట్టేది అదే కాలంలో పూసే రాగ్‌వీడ్ పుప్పొడి.

ఈ పూలమొక్కల్లో చాలావాటి గింజలు చలిని అనుభవించకుండా సరిగా మొలవవు, కనుక నవంబరులో చల్లి మంచుకు వదిలేయడం సులువైన పద్ధతి. చెట్లు, పొదలు నాటడానికి ఆకు రాలే కాలం అనువైనది, వేళ్లు వేసవి ఎండ రాకముందే కుదురుకుంటాయి. మాను మొదలు మట్టిలో కూరుకుపోకూడదు, పైన పరిచే చెక్క పొట్టు మానుకు తగలకూడదు. కొన్నిచోట్ల కాలనీ సంఘాల నిబంధనలు లాన్ తప్ప వేరేదాన్ని ఒప్పుకోకపోవడం ఒక చిక్కు. మేరీల్యాండ్ 2021లో చేసిన చట్టం పచ్చిక గడ్డే పెంచాలని యజమానులను నిర్బంధించడానికి వీల్లేకుండా చేసింది.

శరత్తులో రాలిన ఆకును ఊడ్చి సంచుల్లో కట్టకుండా చెట్ల కిందే ఉంచాలి, చాలా చిమ్మెటల గూళ్లు చలికాలమంతా ఆ ఆకుల్లోనే ఉంటాయి. ఎండిన పూల కాడలనూ వసంతం దాకా కదపకూడదు. గోల్డ్‌ఫించ్ పిట్టలు కోన్‌ఫ్లవర్ గింజలు ఏరుకుంటాయి. వసంతంలో కాడలను మొదలంటా కాక మూరెడు ఎత్తున కోసి వదిలితే, ఒంటరిగా బతికే చిన్న తేనెటీగలు ఆ గొట్టాల్లో దూరి గుడ్లు పెడతాయి.